బావ పాస్ చేసిన పేజీ

మా అక్క ఒక పత్రికలో పనిచేస్తుంది. ఆదివారం అనుబంధంలో ఆఖరి పేజీ ఆమెది. పైన ‘ఈ వారం చదవండి’ అని పెద్ద అక్షరాలు, కింద మూడు గళ్ళు: క్షేమం, టెక్నాలజీ, వినోదం. వారమంతా ఎక్కడెక్కడి వ్యాసాలో చదివి, వాటిలో జనం చదవదగ్గవి ఏరి, ఎందుకు చదవాలో నాలుగు ముక్కల్లో చెప్పాలి. చూడ్డానికి ఇంతే పని. కానీ మా అక్క ఏ పనినీ ఇంతే అని వదిలిపెట్టే రకం కాదు. ఫలానా విధంగా పడుకుంటే నిద్ర పడుతుందని ఎవరో రాస్తే, నిజంగా పడుతుందో లేదో చూడకుండా ఊరందరికీ ఎలా చెబుతానంటుంది. అందుకని ఒక నియమం పెట్టుకుంది. ఇంట్లో ఒక వారం చేసి చూడనిది పేజీలోకి వెళ్ళదు. ఇంట్లో అంటే ఎవరి మీద? మా బావ మీద.

‘ఇవన్నీ మా ఇంట్లో ఆచరించి చూసినవే’ అని పేజీ అడుగున ఒక వాక్యం ఉండేది. ఆ ఒక్క వాక్యం కోసమే పేజీ తిప్పేవాళ్ళు ఉన్నారని ఎడిటర్ అనేవాడట. పాఠకులు మా బావకు ‘ఇంటాయన’ అని పేరు పెట్టుకున్నారు. ఇంటాయనకు నడుం నొప్పి తగ్గిందా, ఇంటాయన ఆ కొత్త వాచీ ఇంకా పెట్టుకుంటున్నారా అని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం ఒక్కడూ గుర్తుపట్టడు. మా బావ అలాంటి మనిషి. గుంపులో ఉంటే గుంపే కనిపిస్తుంది.

నేను టైలర్‌ని. వాళ్ళ వీధి చివరే నా కొట్టు. నాకు చదువు మీద కోపం లేదు కానీ చదివినదల్లా మనుషుల మీద రుద్దేవాళ్ళ మీద ఉంది. మధ్యాహ్నం అన్నం తినడానికి వాళ్ళింటికి వెళ్తే, ఒక వారం మా బావ ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటూ ఉండేవాడు. ఇంకో వారం ప్రతి ముద్దా నమిలి నమిలి, నేను చెయ్యి కడుక్కుని కునుకు తీసి లేచేసరికి ఇంకా కంచం ముందే ఉండేవాడు. ఫోన్లు కంటికి కనపడకూడదని ఒక వ్యాసంలో చదివాక, తిండి వేళప్పుడు అందరి ఫోన్లూ ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేది అక్క. ఆ డబ్బా మాత్రం ఆ వారంతో పోలేదు, స్థిరపడిపోయింది. నా ఫోనుకు ఇప్పటికీ తవుడు వాసన.

“ఎందుకు బావా పడతావు ఈ పాట్లన్నీ? చేశానని చెప్పెయ్, పోతుందిగా” అనేదాన్ని.

“తప్పు మరదలా. నన్ను నమ్మి జనం ఒంటికాలి మీద నిలబడతారు” అనేవాడు, ఒంటికాలి మీద నిలబడే.

వారం చివర అక్క కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఆయన తీర్పు చెప్పేవాడు. రెండే తీర్పులు. పని చేస్తే “వేసెయ్”. చేయకపోతే “వద్దు”. ‘వద్దు’ అంటే ఇక దానికి పైకోర్టు లేదు. ఎంత పెద్ద డాక్టరు రాసినదైనా సరే, అక్క దాన్ని చించి పారేసేది. ఒకసారి ఎవరో మహానుభావుడు రోజూ చన్నీళ్ళలో మునిగితే దిగులు పోతుందని రాశాడు. మా బావ వారమంతా మునిగి, ముక్కు కారుతూ వచ్చి, “వద్దు. దిగులు పోవడం కాదు, ఇప్పుడే పట్టుకుంది” అన్నాడు. మేం ముగ్గురం నవ్వలేక చచ్చాం.

ఆయన పని సినిమా హాల్లో. ప్రొజెక్టర్ ఆపరేటర్. పదహారేళ్ళ వయసులో ఆ కేబిన్‌లో అడుగుపెట్టి, రీళ్ళు మోయడంతో మొదలుపెట్టాడు. ఆ గదిలో గోడకు చిన్న అద్దాల కిటికీ ఉంటుంది. అందులోంచి తెర చూస్తాడనుకునేదాన్ని. పెళ్ళయిన కొత్తలో నన్ను తీసుకెళ్ళి చూపించాడు. “తెర కాదు మరదలా, తలకాయలు చూడు” అన్నాడు. చీకట్లో వరసగా జనం తలలు. “బొమ్మ బాగుంటే ఒక్క తలా కదలదు. ఒకటి పక్కకు తిరిగిందా, రెండోది తిరుగుతుంది. అంతే, బొమ్మ పోయినట్టే.” నలభై ఏళ్ళు ఆయన సినిమాలను అలా వెనక నుంచి చూశాడు. అక్క పేజీలో వినోదం గడి నిజానికి ఆయనదే. ఏ సినిమాకు తలలు కదల్లేదో చెప్పేవాడు, అక్క దాన్ని గురించి మంచి వ్యాసం ఎక్కడుందో వెతికేది.

రీళ్ళు పోయి కంప్యూటర్ పెట్టె వచ్చినప్పుడు ఆయన బెంగపడలేదు. నేర్చుకున్నాడు. పెట్టెకు కూడా దుమ్ము తుడవాలి, వేడెక్కితే చూసుకోవాలి, ఆట వేళకు మీట నొక్కాలి. ఆ రోజుల్లోనే అక్క టెక్నాలజీ గడికి ఒక వ్యాసం తెచ్చింది. ఇకమీదట సినిమా హాళ్ళను ఎక్కడో దూరాన ఒక్క గదిలో కూర్చుని నడుపుతారని, ఆపరేటర్ల అవసరం ఉండదని అందులో ఉంది. అక్క ఇవ్వడానికి జంకింది. మా బావే అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చదివాడు.

“బాగా రాశాడోయ్. ఉన్నదే చెప్పాడు. వేసెయ్” అన్నాడు.

ఏడాది తిరక్కుండానే ఆయన హాలును ఒక కంపెనీ తీసుకుంది. కేబిన్‌లో కెమెరా బిగించారు. మీట వాళ్ళే నొక్కుకుంటామన్నారు. ఆయనకొక దండ వేసి, ఫొటో తీసి, ఇంటికి పంపారు. మరికొన్నాళ్ళకు కంపెనీకి లాభం కనపడలేదో ఏమో, హాలునే మూసి తాళం వేశారు. వాచ్‌మన్ ఒక్కడు మిగిలాడు.

మొదట్లో బాగానే ఉన్నట్టు కనిపించాడు. మ్యాట్నీ వేళకు చొక్కా వేసుకుని తయారై, గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. తర్వాత చొక్కా వేసుకోవడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పలకరిస్తే పలికేవాడు, పలకరించకపోతే లేదు. ఒకరోజు నేను కంచం పెట్టి పిలిస్తే లేచి కూర్చుని, “నేను తిని మాత్రం ఏం చెయ్యాలి మరదలా?” అన్నాడు. విసుక్కుంటూ అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. 

అక్క గురించి చెప్పాలి. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే, చదవడం. పిచ్చిదానిలా చదివింది. అన్నం ఉడుకుతుంటే చదివింది, బస్సులో నిలబడి చదివింది. దిగులు మీద, నిద్ర మీద, పని పోయిన మగవాళ్ళ మీద ఎవరు ఏం రాసినా వదల్లేదు. పేజీ పేరు అదే, కానీ ఇప్పుడు అది ఊరి కోసం కాదు, ఒక్క మనిషి కోసం. దొరికినదాన్నల్లా తెచ్చి ఆయన ముందు పెట్టేది.

“ఏమండీ, ఈ వారం ఇది చేద్దామా? పొద్దున్నే ఎండలో నడవాలట.”

ఆయన లేచి నడిచేవాడు. మర్నాడు, ఆ మర్నాడు కూడా. మనసులో మాట కాగితం మీద పెట్టమని ఉంటే పెట్టేవాడు. కడుపు నిండా ఊపిరి తీసుకోమంటే తీసుకునేవాడు. నవ్వు రాకపోయినా అద్దం ముందు నిలబడి నవ్వమని ఎవడో రాశాడు. అదీ చేశాడు. నేను గుమ్మంలోంచి చూశాను. అద్దంలో ఆ నవ్వు చూశాక నేను ఆ పూట మిషను తొక్కలేకపోయాను.

వారం చివర అక్క కాగితాలు పట్టుకుని భయంభయంగా అడిగేది. “ఎలా ఉంది? ఏమన్నా తేలిగ్గా ఉందా?”

“ఊఁ. బాగుంది. వేసెయ్.”

అక్క మొహం ఎలా వెలిగిపోయేదో! పరుగున వెళ్ళి రాసేది. ఆ రాతలో ఆశ ఉండేది కాబట్టి జనానికి అంటుకునేది. ఉత్తరాలు మునుపటికన్నా ఎక్కువ వచ్చాయి. ఇంటాయన కోలుకుంటున్నందుకు సంతోషమని రాసేవాళ్ళు. మేమూ ఎండలో నడుస్తున్నామని రాసేవాళ్ళు. ఎడిటర్ పేజీకి రంగులు పెంచాడు.

రంగులు పేజీకి వచ్చాయి గానీ మనిషికి రాలేదు. అక్క ఆయన ప్యాంట్లు తెచ్చి, నడుం దగ్గర వదులయ్యాయని కాస్త పట్టమంది. పట్టాను. మళ్ళీ తెచ్చింది. ఈసారి నాకు ముక్కు మీదే ఉండే కోపం నెత్తికెక్కింది. కత్తెర బల్ల మీద విసిరేశాను.

“అక్కా, నేను పట్టాల్సింది ప్యాంటు కాదు, నిన్ను! మనిషి కరిగిపోతున్నాడు. డాక్టరుకు చూపించు.”

“నీకేం తెలుసే? మెల్లమెల్లగా తేరుకుంటున్నారు. ఆయనే చెప్పారు.”

“ఆయన చెప్పడమేమిటి, నీకు కళ్ళు లేవా?”

“చూడు, మీ బావ నా దగ్గర ఎన్నయినా దాస్తారు. కానీ పేజీ విషయంలో అబద్ధం చెప్పరు. ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. పని చేయకపోతే వద్దనే అంటారు.”

నేనేం అనగలను? అది నిజమే. చన్నీళ్ళ సంగతి నాకూ గుర్తుంది. ఆయన వేసెయ్ అన్నాడంటే దానికి తిరుగులేదని మా ఇంట్లో పునాది రాయిలా పాతుకుపోయింది. ఊరంతా ఆ మాట మీద నడుస్తోంది, కట్టుకున్నది నడవదా?

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్ళేసరికి అక్క ఆఫీసు నుంచి అప్పుడే వచ్చింది. బావ మంచం ఖాళీ. దుప్పటి నీటుగా మడిచి ఉంది. ఎప్పుడూ మడవడు. బయటికి వెళ్ళాడంటే మంచిదే కదా అని అక్క మొహం విప్పారింది. “చూశావా, నేను చెప్పలేదూ?” అంటూ ఆయనకు ఫోన్ చేసింది.

ఫోన్ వంటింట్లో మోగింది.

బియ్యం డబ్బాలో. మూత పెట్టి ఉంది. లోపలి నుంచి ఆ మోత, రేకు డబ్బా గడగడలాడుతూ. అక్క వెళ్ళి మూత తీసింది. ఫోన్ పక్కన ఆయన వాచీ ఉంది, కళ్ళజోడు ఉంది. కళ్ళజోడు లేకుండా ఆయన వీధి మలుపు కూడా దాటడు. అక్క నా వంక చూసింది.  

ఇద్దరం వీధిన పడ్డాం. ఎండలో ఆయన నడిచే పార్కుకు వెళ్ళాం. టీ కొట్టువాణ్ణి అడిగాం, మందుల షాపులో అడిగాం. “ఎలా ఉంటారాయన?” అని అడిగాడు షాపువాడు. ఏమని చెప్పను? ఏ చొక్కా వేసుకున్నాడో కూడా తెలియదు, ఒడ్డూ పొడుగూ మామూలే. అక్క ఉన్నట్టుండి, “ఇంటాయన! పేజీలో ఇంటాయన!” అని అరిచింది. షాపువాడు తెల్లమొహం వేశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఊరందరికీ తెలిసిన మనిషిని ఒక్కడూ చూడలేదు.

“టైమెంత?” అన్నాను.

మ్యాట్నీ వేళ దాటింది.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. “పైనే ఉన్నారమ్మా. అప్పుడప్పుడూ వస్తుంటారు, మిషను తుడుచుకుంటానని. తాళం ఇస్తుంటాను. తప్పా?” అన్నాడు. జవాబు చెప్పడానికి మేం ఆగలేదు. ఆ ఇరుకు మెట్లు అక్క ఎలా ఎక్కిందో నాకు తెలియదు. లోపల గడియ వేసి ఉంది. అక్క రెండు చేతులతో బాదింది.

“ఏమండీ! ఏమండీ! నేనండీ!”

పలుకు లేదు. వాచ్‌మన్, నేను భుజాలతో తోశాం. పాత తలుపు, మేకులు ఊడి తెరుచుకుంది.

బావ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. నుదురు అద్దానికి ఆనించి కింద హాలు వంక చూస్తున్నాడు. హాల్లో దీపాలు లేవు, కుర్చీలన్నీ ఖాళీ. మేం తలుపు విరగ్గొట్టుకుని వచ్చినా తల తిప్పలేదు.

అక్క వెళ్ళి ఆయన్ని వాటేసుకుంది. నేను గది నాలుగు మూలలూ చూశాను, ఆయన చేతులు చూశాను, జేబులు తడిమాను. ఆయన నన్ను తడమనిచ్చాడు.

“ఇవాళ ఇక్కడే పోదామనే వచ్చాను” అన్నాడు మెల్లగా. “కూర్చుంటే కూర్చున్నట్టే ఉండిపోయాను. దానికి కూడా ఓపిక లేదు.”

అక్క గుండెలు బాదుకుంది. “మరి బాగుందన్నారు! తేలిగ్గా ఉందన్నారు! నడిస్తే బాగుందని, రాస్తే బాగుందని. పోయిన వారమే కదా వేసెయ్ అన్నారు!”

“ఒక్కటీ పని చెయ్యలేదోయ్.”

“మరి వద్దు అనొచ్చుగా! నాకు అబద్ధం ఎందుకు చెప్పారు?”

అప్పుడు తిరిగాడు. కళ్ళజోడు లేని కళ్ళతో అక్క మొహం వెతుక్కుంటున్నట్టు చూశాడు.

“ఆ పని ఒక్కటే కదా నాకు మిగిలింది” అన్నాడు. “పొద్దున్నే నువ్వు కాగితం తెచ్చిస్తావు. నేను చేస్తాను. వారం చివర వేసెయ్ అంటాను. నీ మొహం వెలుగుతుంది. నా వల్ల ఎవరికన్నా ఏదన్నా అవుతోందంటే అదొక్కటే. వద్దు అంటే నువ్వు ఇంకోటి వెతుకుతావు. అదీ పని చెయ్యదు. ఎన్నని వెతుకుతావు? నిన్ను చూస్తే జాలేసింది.”

 అక్క ఆయన కాళ్ళ దగ్గర ఆ దుమ్ములో కూలబడిపోయింది. ఆమె మీద ఎన్నాళ్ళుగానో దాచుకున్న కోపమంతా నాలో ఎక్కడికి పోయిందో తెలియదు. ఒకరినొకరు సంతోషపెట్టుకోవాలని ఇద్దరూ కలిసి ఒక మనిషిని చావు దాకా తీసుకొచ్చారు. ఎవరిని తిట్టను?

ఆ పూటే ఆసుపత్రిలో చేర్పించాం. డాక్టరమ్మ చిన్నదే. అక్క ఆమెకు తను చదివినవన్నీ చెప్పబోయింది. డాక్టరమ్మ ఓపిగ్గా విని, “ఇవేవీ తప్పు కాదండీ. కానీ ఇది జబ్బు. కాలు విరిగితే నడవమనం కదా” అంది. మందులు మొదలుపెట్టాక కూడా కొన్ని వారాల దాకా ఏమీ తెలియదని, ఆయన్ని ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దని చెప్పింది. వంతులు వేసుకున్నాం. నా కొట్టు మూతపడింది. బావ మంచం మీద పడుకుని పంకా వంక చూసేవాడు. మాత్ర ఇస్తే మింగేవాడు. “ఎలా ఉంది బావా?” అంటే “బాగుంది” అనేవాడు. ఆ మాట వింటే ఇప్పుడు మాకు వణుకు పుట్టేది. ఏది నిజమో, ఏది మా కోసం చెబుతున్నాడో ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ నమ్మిన తూనిక రాయే దొంగదని తేలాక, ఇక దేనితో తూచుకోవాలి? బాత్రూముకు వెళ్తే తలుపు బయట నిలబడి ఆయన దగ్గు కోసం చెవులు రిక్కించుకునేవాళ్ళం.

అక్క ఆ వారం పేజీకి ఒక్క పేరానే రాసి పంపింది. మా ఇంటాయనకు బాగోలేదు, మేం మీకు చెప్పిన వాటిలో చాలా వాటి వల్ల ఆయనకు మేలు జరగలేదు, దిగులు ఇంటి వైద్యానికి లొంగకపోతే దయచేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని. ఎడిటర్ ఫోన్ చేశాడు. చాలా బాధగా ఉందమ్మా, నువ్వు సెలవు తీసుకో, పేజీ సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. చూసుకున్నారు. అక్క పేరా వేయలేదు. ఎవరో కుర్రాడు కంప్యూటర్‌ను అడిగి మూడు గళ్ళూ నింపాడట. రంగులు అవే. అడుగున ఆ వాక్యమూ అదే: ‘ఇవన్నీ మా ఇంట్లో ఆచరించి చూసినవే.’

ఆదివారం పక్క మంచం వాళ్ళు కొన్న పేపర్లో అది చూసి అక్క నిలువునా నీరైపోయింది. వెళ్ళి ఆ ఎడిటర్ కాలర్ పట్టుకుంటానని నేను లేచాను. అక్క నా కొంగు లాగి కూర్చోబెట్టింది. “వద్దులేవే. ఆయన వింటారు” అంది.

ఆయన విన్నాడు. చెయ్యి చాచాడు. ఇవ్వాలా వద్దా అని మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెయ్యి అలాగే చాచి ఉంచాడు. అక్క పేపరు ఇచ్చి, కళ్ళజోడు పెట్టింది.

బావ చదవడం మొదలుపెట్టాడు. మునుపటి లాగే, ఆ చివర నుంచి ఈ చివరి దాకా. క్షేమం గడిలో, ఎంత దిగులుగా ఉన్నా రోజూ నిద్ర లేవగానే ‘నేను సంతోషంగా ఉన్నాను’ అని గట్టిగా అనుకుంటే చాలని ఉంది. అది చదివి ఆగాడు. మళ్ళీ చదివాడు. ఆయన కనుబొమలు దగ్గరికి రావడం చూశాను. అక్క మంచం పట్టీని బిగించి పట్టుకుని ఉంది. ఇప్పుడు ఆయన ‘వేసెయ్’ అంటే మా పని అయిపోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

బావ పేపరు ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏమోయ్” అన్నాడు.

“ఆఁ, చెప్పండి.”

“ఇది వద్దు. ఇది పని చెయ్యదు.”

అక్క ఆయన చేతిలో మొహం పెట్టుకుని బావురుమంది. అన్ని రోజులూ బిగబట్టినదంతా ఒక్కసారి బయటపడి, వార్డంతా వినిపించేలా ఏడ్చింది. నర్సు ఏమైందోనని ఇంజెక్షన్ ట్రే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బావను చూసింది, అక్కను చూసింది, నన్ను అడిగింది.

 కళ్ళు తుడుచుకుని చెప్పాను.

“ఏం లేదు సిస్టర్. మా బావ వద్దన్నాడు.”